యానిమేషన్ వీడియో కళ్లార్పకుండా చూస్తారు, మరుసటి రోజు అడిగితే చెప్పలేరు. ఎందుకు?

జీవశాస్త్రం_మేడమ్

ధర్మవరం దగ్గర ఒక హైస్కూల్లో పదో తరగతికి బయాలజీ చెప్తాను. క్లాసులో గోడకు వీడియోలు చూపించే పెద్ద డిజిటల్ ప్యానెల్ వచ్చినప్పటి నుంచి గుండె, రక్తప్రసరణ పాఠం యానిమేషన్ వీడియోతోనే మొదలుపెడుతున్నా. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఎర్ర రక్తం ఒకపక్క, నీలం రక్తం ఒకపక్క, కవాటాలు టపటపా కొట్టుకుంటాయి, వెనక మ్యూజిక్. పిల్లలు రెప్ప వాల్చరు. మరుసటి రోజు బోర్డు మీద నాలుగు గదులు గీసి, ఊపిరితిత్తుల నుంచి వచ్చిన రక్తం ముందు ఏ గదిలోకి దిగుతుందంటే చానామంది కుడిపక్క చూపిస్తారు. కొందరైతే మనిషి ఒంట్లో నిజంగానే నీలం రక్తం ఉంటుందని పరీక్షలో రాసినారు. ప్యానెల్ లేని పక్క సెక్షన్లో చాక్‌పీసుతో ఒక్కో గీతా గీసుకుంటూ చెప్పినా. వాళ్లు ఇంతకన్నా నయం.

తనిఖీకి వచ్చినవాళ్లు ప్యానెల్ ఎన్ని గంటలు వాడినావని అడుగుతారే గానీ పిల్లలకు ఏమొచ్చిందని అడగరు. నాకు కడుపు మండుతోంది. యానిమేషన్‌తో పాఠం చెప్పడం మీద ఎవరన్నా గట్టిగా పరిశోధన చేసినారా? ఏం తేలింది?

కొండారెడ్డి_బురుజు

ప్యానెల్ మీద కోపమెందుకు మేడమ్? నేను కర్నూల్లో లెక్కలు చెప్తా. శంకువును అడ్డంగా కోస్తే వృత్తం, కొంచెం ఏటవాలుగా కోస్తే దీర్ఘవృత్తం అని బోర్డు మీద ఎన్నిసార్లు గీసినా వెనక బెంచీకి ఎక్కలేదు. తెర మీద ఆ కోసే తలాన్ని మెల్లగా వంచి చూపిస్తే ఒక్క పీరియడ్లో ఎక్కింది. వీడియో ఆన్ చేసి వదిలేస్తే తప్పు వీడియోదా?

జీవశాస్త్రం_మేడమ్

మీ శంకువును మీరే తిప్పినారు సార్, మీకు కావాల్సిన చోట ఆపినారు. నాకొచ్చిన వీడియో మొదలైతే చివరిదాకా ఒకే ఊపున పోతుంది. ఆపితే ఆపిన చోట కెమెరా గిరగిరా తిరుగుతూ ఉంటుంది, ఏ గది ఏదో నాకే తెలియదు. రెండూ ఒకటి కాదు.

రాగిసంగటి

మా చిన్నోడు బడిలో వీడియో అయిపోతానే "సార్, నెక్స్ట్ ఎపిసోడ్ పెట్టండి" అన్నాడంట. రక్తప్రసరణకు రెండో సీజన్ తీయాల్సిందే.

పెన్న_ఒడ్డు

మేడమ్ అడిగిన దాని మీద పరిశోధన బాగానే జరిగింది. అనంతపురంలో ఎడ్యుకేషన్లో పీహెచ్‌డీ చేస్తున్నా, నా అంశం దీనికి దగ్గరే కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తా.

2002లో బార్బరా ట్వెర్‌స్కీ, ఇంకో ఇద్దరు కలిసి అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలను తిరగేసి చూసినారు. యానిమేషన్ గెలిచిందన్న చోట్ల చాలావరకు పోటీయే సమానంగా లేదని తేల్చినారు. కదిలే బొమ్మలో ఉన్న సమాచారం కదలని బొమ్మలో పెట్టనే లేదు, లేదంటే ఒక గుంపుకే ఆపి తిప్పుకునే వీలిచ్చినారు. వాళ్లు పెట్టిన షరతులు రెండు: కదలిక తీరు నేర్చుకునే విషయానికి సరిపోవాల, చూసేవాళ్ల కంటికీ బుర్రకూ అందేంత నిదానంగా, తేటగా ఉండాల. మీ గుండె వీడియో రెండో షరతు దగ్గర పడిపోయింది.

2005లో రిచర్డ్ మేయర్ బృందం నాలుగు పాఠాలు తీసుకుంది: మెరుపు ఎట్లా పుడుతుంది, టాయిలెట్ ఫ్లష్ తొట్టి ఎట్లా పనిచేస్తుంది, సముద్రంలో అలలు, కారు బ్రేకులు. ఒక గుంపుకు మాటలతో యానిమేషన్. ఇంకో గుంపుకు కాగితం మీద బొమ్మలు, పక్కన రాత. కాగితం గుంపు ఎక్కడా వెనకబడలేదు, కొన్ని పరీక్షల్లో ముందే ఉంది. వాళ్లు చెప్పిన కారణం నాకు చానా ఇష్టం. ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య ఏం జరిగుంటుందో కాగితం చూసేవాళ్లు తలలో తామే కదిలించుకోవాల. యానిమేషన్ చూసేవాళ్లకు ఆ పని కంప్యూటరే చేసిపెట్టింది.

ఇక్కడితో ఆపితే కొండారెడ్డి సార్‌కు అన్యాయం. 2007లో హోఫ్లర్, లాయిట్నర్ అనే ఇద్దరు 26 పరిశోధనల్లోని 76 పోలికలను కలిపి లెక్కగట్టినారు. మొత్తం మీద యానిమేషన్‌దే పైచేయి, కాకపోతే పెద్ద తేడా కాదు. యంత్రం విప్పి బిగించడం లాంటి చేతిపని నేర్పేచోట మాత్రం తేడా బాగా పెద్దది. బొమ్మ అలంకారానికి పెట్టిందయితే లాభమేమీ లేదు.

ఆపడం గురించి మేడమ్ రాసిందీ నిజమే. మేయర్, చాండ్లర్ 2001లో మెరుపు పాఠాన్నే, 140 సెకన్లది, 16 ముక్కలు చేసి, ఒక్కో ముక్క తర్వాత చూసేవాళ్లే బటన్ నొక్కితే ముందుకు పోయేలా పెట్టినారు. అదే వీడియో, అవే మాటలు. కొత్త సమస్యకు జవాబు ఆలోచించమన్నప్పుడు ముక్కలు చేసిన గుంపే బాగా చేసింది.

కొండారెడ్డి_బురుజు

చూసినారా, పైచేయి యానిమేషన్‌దే.

జీవశాస్త్రం_మేడమ్

పైచేయి ఆపగలిగినవాళ్లది సార్.

ఆదోని_ఫ్రేములు

పెన్న_ఒడ్డు రాసిన "బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య" అన్న చోట నిలబడిపోయినా. మా పనంతా అక్కడే. ఊరు ఆదోని, ఉద్యోగం హైదరాబాద్. టూడీతో మొదలుపెట్టి ఇప్పుడు త్రీడీలో ఉండాను.

సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. చేత్తో గీసేదాంట్లో మామూలుగా ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల సేపు నిలబెడతారు, అంటే సెకనుకు 12 బొమ్మలు. పది నిమిషాల కథకు 7,200. అసలైన భంగిమలు సీనియర్ గీస్తాడు, వాటిని కీ అంటాం. ఒక కీకీ ఇంకో కీకీ నడుమ వచ్చేవి ఇన్‌బిట్వీన్లు, అవి జూనియర్ల పని. బంతి ఎగిరి పడేది గీయాలంటే పైన కొస దగ్గర బొమ్మలు ఒత్తుగా పడాల, నేలకు తగిలే ముందు దూరం దూరంగా పడాల. అన్నీ సమాన దూరంలో గీస్తే బంతికి బరువుండదు, దారం కట్టి లాగినట్టుంటాది. నాకు గురుత్వాకర్షణ ఇంటర్ ఫిజిక్సులో అర్థం కాలేదు, ఆ బంతి గీసేటప్పుడు అర్థమయింది.

కెనడాలో నార్మన్ మెక్‌లారెన్ అని చానా గొప్పాయన. ప్రతి ఫ్రేములో ఏముందన్నదాని కన్నా ఒక ఫ్రేముకూ ఇంకో ఫ్రేముకూ నడుమ ఏం జరిగిందన్నదే ముఖ్యమనేవాడు. 1949లో యునెస్కో పని మీద చైనా పోయినాడు. పల్లెల్లో ఆరోగ్య పాఠాలకు బొమ్మలు ఎట్లా తయారుచేసుకోవాల్నో అక్కడి చిత్రకారులకే నేర్పినాడు. 1950ల మొదట్లో మన దేశానికీ అదే పని మీద వచ్చినాడు. సినిమా డబ్బా తెచ్చి చూపించి పోలేదు, చేయడం నేర్పి పోయినాడు.

ఇప్పుడు మేడమ్ వీడియో లాంటివి ఎట్లా తయారవుతాయో చెప్తా. నేనూ చేసినా కొన్ని. నిమిషానికి ఇంత అని బేరం. స్క్రిప్టు ఎక్కడో రాస్తారు, బయాలజీ చెప్పే మనిషి మాకు కనపడరు. కెమెరా తిరగాల, మెరవాల, మ్యూజిక్ మోగాల, అప్పుడు క్లయింటుకు డబ్బులకు తగ్గ పని కనపడతాది. ఈ చోట రెండు సెకన్లు ఆపండి, పిల్లలు ఆలోచించుకోవాల అని ఒక్కరూ మాకు చెప్పలేదు. అది మాకు చేతకాక కాదు. అడిగితే చేస్తాం.

పెన్న_ఒడ్డు

ఆదోని_ఫ్రేములు రాసిన తిరిగే కెమెరా సంగతికి ఒక ముక్క కలుపుతా. రిచర్డ్ లో అనే ఆయన వాతావరణ పటాల యానిమేషన్లు జనాలకు చూపించి గమనించినాడు. ఆ సబ్జెక్టు కొత్తయినవాళ్లు ఏది ఎక్కువ కదులుతుందో దాన్నే చూస్తారు, ఏది ముఖ్యమో దాన్ని కాదు. గుండె వీడియోలో అందరికన్నా ఎక్కువ కదిలేది కెమెరా.

తుంగభద్ర_అల

మధ్యలో దూరుతున్నా. బొమ్మలు కదిలినట్టు కనపడ్డానికి కారణం కంట్లో దృశ్యం 1/16 సెకను నిలవడమే అని బడిలో చదువుకున్నాం కదా. సినిమా చదువుల్లో ఆ వివరణను ఎప్పుడో పక్కనపెట్టినారు. దృశ్యం కంట్లో నిలిచిపోతే ఒకదాని మీద ఒకటి పడి మసకయిపోవాల గానీ కదలికెట్లా అవుతుంది? 1912లో మాక్స్ వెర్ట్‌హైమర్ అనే మనోవిజ్ఞాని రెండు గీతలను వెంటవెంటనే చూపించి, చూసేవాళ్ల బుర్రే కదలికను కట్టుకుంటుందని చూపించినాడు. సైన్సు టీచర్లు ఉన్నారని చెప్తున్నా.

జీవశాస్త్రం_మేడమ్

ఇది ఫిజిక్స్ సార్‌కు చూపిస్తా. అంటే మధ్యలో ఉన్నదాన్ని చూసేవాళ్లే పూరించుకుంటున్నారన్నమాట, కంటికి తెలియకుండానే.

గండికోట_గాలి

అందరూ పండితులు ఉన్నారు కాబట్టి నా గోడు కూడా వినండి. జమ్మలమడుగు మాది. మావోడు ఇంటర్ అయిపోయినాడు, యానిమేషన్ చదువుతా అంటాడు. పొద్దస్తమానం బొమ్మలు గీస్తాడు, గీత బాగుంటాది, కాదనను. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఇంటికే వచ్చినారు. ఏడాది కోర్సు, ఫీజు లక్షల్లో, నూటికి నూరు శాతం ఉద్యోగం అంటాండారు. 2022 బడ్జెట్లో కేంద్రం యానిమేషన్, గేమింగులకు టాస్క్‌ఫోర్స్ ప్రకటించిందని కాగితం కూడా చూపించినారు. ఇంజనీరింగ్ చేర్పించమని మా అన్న పట్టు. ఆదోని అన్నా, నువ్వు ఆ పనిలోనే ఉండావు, ఉన్నది ఉన్నట్టు చెప్పు.

ఆదోని_ఫ్రేములు

రేపు రాత్రి కూర్చొని వివరంగా రాస్తా గండికోటన్నా. అంతలోపల సంతకం పెట్టొద్దు, అడ్వాన్సు కట్టొద్దు.

తోలుబొమ్మ_తెర

మాది నిమ్మలకుంట, తోలుబొమ్మలాట ఆడించే కుటుంబం. మెక్‌లారెన్ గురించి చదివి మా తాతకు చెప్పినా. బొమ్మ చేతిలో ఉంటే సరిపోదురా, ఆ చేతి నుంచి ఈ చేతికి పోయే నడుమ సంగతే ఆట అన్నాడు. ఆయనకు చదువు రాదు.

మేకతోలు నానబెట్టి, వెంట్రుకలు గీకి, ఆరబెట్టి, దాని మీద బొమ్మ గీస్తాం. నగలు, చీర అంచుల కాడ ఉలితో చిల్లులు కొడతాం, వెలుతురు అందులోంచి వస్తాది. రంగు రెండు పక్కలా వేస్తాం. మోచెయ్యి, మణికట్టు విడిగా కోసి దారంతో ముడేస్తాం. మా బొమ్మలు కొన్ని మనిషంత ఎత్తుంటాయి. బొమ్మను తెర నుంచి దీపం పక్కకు లాగితే నీడ పెరిగి మసకబారుతుంది, మల్ల తెరకు ఆనిస్తే గీత, రంగు తేటగా నిలబడతాయి. యుద్ధం వచ్చిందంటే కింద చెక్కల మీద కాలితో తొక్కుతారు, ఆ చప్పుడుకూ బొమ్మ చేతికీ లెక్క కుదరాల. నవ్వించే జుట్టుపోలిగాడు, బంగారక్క వస్తే లెక్క మారిపోతాది, అడుగు పొట్టిదవుతాది, ఒళ్లు ఊగుతాది. నడక చూసి ఎవరో చెప్పొచ్చు, మొకం చూడాల్సిన పనే లేదు.

2020లో మా ఊరి దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చింది. ఊరంతా సంబరపడినాం. అయినా ఇప్పుడు ఎక్కువ ఇండ్లలో లాంపు షేడ్లే చేస్తాండారు, ఆట ఆడమని పిలిచేవాళ్లు తక్కువ. బొమ్మ మిగిలింది, కదలిక పోతాంది. యానిమేషన్ అంటే పట్నంలో నేర్చుకొచ్చేదని మా పిల్లోళ్లే అనుకుంటాండారు. అది నాకు బాధ.

కొండారెడ్డి_బురుజు

చానా బాగా రాసినావు తమ్ముడూ, కానీ దాన్ని యానిమేషన్ అనలేం. యానిమేషన్ అంటే ఒక్కో ఫ్రేముగా చేసేది. తోలుబొమ్మలాట అప్పటికప్పుడు జనం ముందు ఆడేది, నాటకానికి దగ్గర.

తుంగభద్ర_అల

1926లో జర్మనీలో లోటే రైనిగర్ అనే ఆవిడ నల్ల అట్టను, పల్చటి సీసం రేకును కత్తెరతో కోసి, కీళ్లు కట్టి, కింద దీపం పెట్టిన గాజు మీద పరిచి, కొంచెం కొంచెం జరుపుతూ ఒక్కో ఫ్రేమూ తీసి పూర్తి నిడివి సినిమా చేసింది. ఇప్పటికి మిగిలున్న యానిమేషన్ చలనచిత్రాల్లో అదే పాతది. అంటే డిస్నీ మొదటి పెద్ద సినిమా 1937 కన్నా పదకొండేళ్లు ముందు. నీడబొమ్మలాట నుంచే పుట్టిన పని అది. నిమ్మలకుంటకూ ఆవిడ గాజుబల్లకూ మధ్య తేడా కెమెరా ఒక్కటే.

కొండారెడ్డి_బురుజు

ఆ కెమెరా ఒక్కటే పెద్ద తేడా అంటున్నా నేను. ఫ్రేము వెనక్కి తిప్పి సరిచేసుకోవచ్చు. ఆటలో కుదరదు.

ఆదోని_ఫ్రేములు

ఇందులో కొండారెడ్డి సార్ పక్షమే నేను. ఫ్రేము ఫ్రేముకూ ఆగే వీలు లేకపోతే అది వేరే విద్య. కాకపోతే నడకలో మనిషిని చూపించడం తోలుబొమ్మ_తెర తాతగారికి వచ్చినంత మా స్టూడియోలో నూటికి పదిమందికి కూడా రాదు. మాకు జూనియర్లు వచ్చినప్పుడు సాఫ్ట్‌వేర్ వస్తుంది, నడక రాదు. మీ తాతగారిని మా దగ్గరికి పిలిపించాలని ఎన్నేళ్ల నుంచో మనసులో ఉంది, నిజంగా అడుగుతున్నా.

తోలుబొమ్మ_తెర

ఏ పేరు పెట్టుకున్నా సరే అన్నా. పిలిస్తే వస్తాడు. బస్సు కిటికీ సీటు ఉండాల, అంతే.

రాగిసంగటి

లేపాక్షి కప్పు మీద అర్జునుడి తపస్సు, శివుడితో పోట్లాట వరసగా గీసినారు కదా, ఒకే అర్జునుడు మళ్లీ మళ్లీ వస్తాడు. దాని కింద పడుకొని చూసుకుంటూ జరిగితే సినిమా. ఆ లెక్కన విజయనగరం కాలంలోనే మన జిల్లాలో స్టోరీబోర్డు ఉంది.

పెన్న_ఒడ్డు

స్టోరీబోర్డు అనడం బాగుంది. కదలిక మాత్రం చూసేవాళ్ల మెడదే.

బుడ్డల_చేను

కళ్యాణదుర్గం పక్క రైతును. నా కూతురు తొమ్మిదో తరగతి, మేడమ్ బడి లాంటి బడే. దాని సైన్సు పుస్తకంలో ఆపిల్ చెట్టు బొమ్మలు, వీడియోలో ఆపిల్ పువ్వు కాయ కావడం. మా ఇంటి ముందర ఇరవై అడుగుల్లో బుడ్డల చేను, అంటే వేరుశనగ చేను, ఉండాది. పువ్వు పైన పూస్తాది, పొద్దున విచ్చుకొని సాయంత్రానికి వాడిపోతాది. వారం తిరిగే లోపల దాని మొదట్లో నుంచి ఊడ బయలుదేరి నేలకు తిరుక్కుంటాది, మట్టిలోకి దిగి అక్కడ కాయవుతాది. మట్టిలో చీకటి లేకుంటే ఊడ కాయ కాదు. అందుకే విత్తిన 45 రోజుల తర్వాత కలుపు గుంటక తోలం, ఊడలు తెగుతాయి. అప్పుడే జిప్సం వేస్తాం. ఇంత కదలిక మా కాళ్ల కింద జరుగుతుంటే పిల్లోళ్లకు కనపడదు. కాయ వేరుకు కాస్తుందనుకునే పిల్లోళ్లు మా ఊర్లోనే ఉండారు. దీన్ని యానిమేషన్ చేసేవాళ్లు ఎవరూ లేరా?

ఆదోని_ఫ్రేములు

ఉండారు. మీ కూతురు.

పాత నోట్‌బుక్ చాలు. వెనక పేజీ నుంచి మూలలో గీసుకుంటూ రావాల, కాగితం పల్చగా ఉంటే కింది బొమ్మ పైకి కనపడతాది. ముందు కీలు గీయమనండి: విచ్చిన పువ్వు, వాడిన పువ్వు, ఊడ మొన బయటికి రావడం, వంగడం, మట్టిని తాకడం, లోపల కాయ ఉబ్బడం. ఒక్కో కీకీ నడుమ ఐదారు పేజీలు వదలమనండి. తర్వాత ఆ ఖాళీలు నింపాల. బొటనవేలితో వదిలితే మూడు నాలుగు సెకన్ల సినిమా. ఖర్చు పెన్సిల్ ముక్క.

జీవశాస్త్రం_మేడమ్

బుడ్డల_చేను గారూ, ఆదోని సార్ చెప్పింది మా క్లాసులో సోమవారమే పెడుతున్నా. ఊడ పాఠం మా పిల్లలకు పుస్తకంలో లేదు, అయినా పెడతా.

పెన్న_ఒడ్డు

మేడమ్, ఒక మాట. గీయించే ముందు "తర్వాత ఏమవుతుంది?" అని అడిగి జవాబు రాయించండి. మేరీ హెగార్టీ, ఆమె తోటివాళ్లు 2003లో ఫ్లష్ తొట్టి పాఠంతోనే చేసినారు, చూపించే ముందు ఊహించమని అడగడం ఒక్కటే కూడా అర్థం చేసుకోవడానికి సాయపడింది.

ఆదోని_ఫ్రేములు

గండికోటన్నకు.

పని ఎట్లా నడుస్తుందో ముందు తెలుసుకోండి. కథ, పాత్రల రూపం, స్టోరీబోర్డు చానావరకు అమెరికాలోనో యూరప్‌లోనో జరుగుతాయి. మనకొచ్చేది నడుమ పని. టూడీలో ఇన్‌బిట్వీన్లు, రంగులు. ఎఫెక్ట్స్‌లో ఒక్కో ఫ్రేములో మనిషి చుట్టూ గీత గీసి విడదీయడం, నటులకు కట్టిన తీగలు తుడిపేయడం. హైదరాబాద్ ఈ పనిలో పేరు తెచ్చుకుంది, వేలమంది బతుకుతున్నారు, నేనూ బతుకుతున్నా. కానీ నడుమ పని చేసేవాడికి కథ మీద హక్కుండదు, కాంట్రాక్టు అయిపోతే ఉద్యోగమూ ఉండకపోవచ్చు. 2013 ఫిబ్రవరిలో పడవలో పులి సినిమాకు ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. అదే నెలలో ఆ పులిని చేసిన అమెరికా స్టూడియో రిథమ్ అండ్ హ్యూస్ దివాలా తీసింది. ఆ స్టూడియోకు హైదరాబాదులోనూ శాఖ ఉండేది. ఇప్పుడు ఇన్‌బిట్వీన్లు, గీత గీసి విడదీసే పని కంప్యూటరే చేసే సాఫ్ట్‌వేర్లు వచ్చేస్తున్నాయి. కాబట్టి బటన్లు మాత్రమే నేర్పే ఏడాది కోర్సు మీద లక్షలు పోయొద్దు. నూటికి నూరు శాతం ఉద్యోగం అన్నవాణ్ని, నిరుడు చదివినవాళ్లు ఎక్కడ పనిచేస్తున్నారో పేర్లు ఫోన్లతో అడగండి. ఇవ్వకుంటే లేచి వచ్చేయండి.

రెండో వైపు కూడా చెప్పాల. సొంత కథ చేసినవాళ్లు నిలబడినారు. 2006లో తెలుగులో వచ్చిన కిట్టుకు జాతీయ అవార్డు ఇచ్చినారు. 2008లో హైదరాబాద్ స్టూడియో నుంచి వచ్చిన ఛోటా భీమ్ ఎవరి ఆర్డరూ కాదు, వాళ్ల సొంత పాత్ర. అందుకే టీవీలోనే కాదు, పిల్లల చొక్కాల మీద, టిఫిన్ డబ్బాల మీద కూడా వాళ్లకే డబ్బు. 2025లో యానిమేషన్ ఆస్కార్ గెలిచిన పిల్లి సినిమాను లాత్వియా అనే చిన్న దేశపు దర్శకుడు బ్లెండర్‌లో చేసినాడు. ఆ సాఫ్ట్‌వేర్ ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. మీవోడు ఈ రాత్రే దించుకోవచ్చు.

చదువు సంగతి. డిగ్రీగా చదవాలంటే హైదరాబాదులో జేఎన్ఏఎఫ్ఏయూలో (ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) బీఎఫ్‌ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, ఉంది, అహ్మదాబాద్ ఎన్‌ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) యానిమేషన్ ఫిల్మ్ డిజైన్ ఉంది. మీ కడపలోనే 2020లో ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ పెట్టినారు, పోయి చూసి రండి. ఎక్కడైనా చూసేది గీత, గమనిక. కాబట్టి వాణ్ని ఎగిరి పడే బంతి ఒకటి చేసి నాకు పంపమనండి. మెరుపులు, పేలుళ్లు వద్దు, ఒక్క బంతి.

గండికోట_గాలి

చదివినంతసేపూ మావోడు నా భుజం మీద నుంచి చూస్తానే ఉండాడు. బంతి మొదలుపెట్టినాడు. మా అన్నకు కూడా చదివి వినిపించినా, ఆయన ఇంకా ఇంజనీరింగ్ అనే అంటాడు.

కొండారెడ్డి_బురుజు

మీ అన్న మాట పూర్తిగా తోసెయ్యొద్దు. త్రీడీ అంతా లెక్కలే, మాత్రికలు, సదిశలు. ఏ దారిలో పోయినా లెక్కలు వదలకుండా చూడండి.

జీవశాస్త్రం_మేడమ్

సోమవారం, గురువారం రెండు పీరియడ్లు అయినాయి. అందరికీ చెప్పాలని ఆత్రంగా ఉంది.

ఊడ అనుకున్నదాని కన్నా గట్టిగా పనిచేసింది. ఒకడు పువ్వు రాలిపోయినట్టు గీసినాడు, పక్కనోడు పువ్వు ఊడ కొనకు అంటుకొని కిందికి పోయినట్టు గీసినాడు. ఇద్దరూ కొట్లాటకు దిగినారు. చేనున్న పిల్లలు మరుసటి రోజు చెట్లు పెరుక్కొచ్చినారు. ఊడ కొనలోనే అండాశయం ఉందని నేను చెప్పే లోపల వాళ్లే చీల్చి చూసినారు.

దాంతో ధైర్యం వచ్చి గురువారం గుండెకు పోయినా. గుండె ఒక్క చుట్టు కొట్టుకోవడాన్ని పేజీల్లో గీయమన్నా. పెన్సిల్ పట్టుకోగానే ఆగిపోయినారు. "మేడమ్, పై గదులు రెండూ ఒకేసారి ముడుచుకుంటాయా, ముందు కుడిది తర్వాత ఎడమదా?" అని. ఆ వీడియో వాళ్లు ఎన్నిసార్లు చూసినారో లెక్కలేదు. అందులో స్పష్టంగా ఉంది ఒకేసారని. ఒక్కరి కంటికీ ఆనలేదు. గీయాల్సి వచ్చినప్పుడే ఆ ప్రశ్న పుట్టింది. అప్పుడు ప్యానెల్లో వీడియో పెట్టినా, ఈసారి వాళ్లే "ఆపండి, వెనక్కి పోండి" అని అరిచినారు.

నీలం రక్తం వద్దని ఒక అమ్మాయి ముదురు ఎరుపు వేసింది.

ఆదోని_ఫ్రేములు

మేడమ్, దీంట్లో ఇంకోటి ఉంది. గుండె ఒక్క చుట్టుకు ఎంతసేపు?

జీవశాస్త్రం_మేడమ్

నిమిషానికి 75 సార్ల లెక్కన 0.8 సెకను. కర్ణికలు ముడుచుకోవడం దాదాపు 0.1, జఠరికలు దాదాపు 0.3, మిగతా 0.4 విశ్రాంతి.

ఆదోని_ఫ్రేములు

సెకనుకు 12 బొమ్మల లెక్కన దాదాపు 10 బొమ్మలు. కర్ణికలకు 1, జఠరికలకు 4, విశ్రాంతికి 5. చివరి బొమ్మ తర్వాత మొదటిది వచ్చేలా చేస్తే గుండె ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటాది. ఆ పది కాగితాలను ఫోను కదలకుండా పెట్టి ఫొటోలు తీసి, స్టాప్‌మోషన్ యాప్‌లో పెట్టి ప్యానెల్ మీద వేయండి.

కొండారెడ్డి_బురుజు

1:3:4. నిష్పత్తుల పాఠం నా క్లాసులో ఇదే పెడతా. సగం సేపు గుండె విశ్రాంతి తీసుకుంటుందని నాకే ఎప్పుడూ తట్టలేదు. మేడమ్, ప్యానెల్ పనికొచ్చింది కదా చివరికి?

జీవశాస్త్రం_మేడమ్

పనికొచ్చింది సార్, పిల్లల బొమ్మలు వేయడానికి. తోలుబొమ్మ_తెర తమ్ముడూ, నిమ్మలకుంట మాకు దగ్గరే. తాతగారిని ఒక శనివారం బడికి తీసుకొస్తావా? పిల్లలకు నడక చూపించాల. ఆయనకు మర్యాదగా డబ్బు ఇవ్వాలని హెడ్‌మాస్టర్ గారితో మాట్లాడినా, ఒప్పుకున్నారు.

తోలుబొమ్మ_తెర

తీసుకొస్తా మేడమ్. ఒక తెల్ల పంచె, ఒక బల్బు, కిటికీలు మూసే గది ఉంటే చాలు. తాత అడిగినాడు, పిల్లలు చూసేదేనా, పట్టుకునేది కూడా ఉందా అని. పట్టుకుంటామంటే పాత బొమ్మలు కాకుండా వేరేవి తెస్తాడు.

జీవశాస్త్రం_మేడమ్

పట్టుకుంటారు.

గండికోట_గాలి

ఆదోని అన్నా, బంతి మెసేజ్‌లో పంపినా. ఎట్లుంది?

ఆదోని_ఫ్రేములు

చూసినా. పైన కొస దగ్గర నిదానించడం బాగా పట్టుకున్నాడు. రెండో ఎగురుడు మాత్రం మొదటిదంత ఎత్తు పోతాంది, దాన్ని తగ్గించమను, మూడోది ఇంకా తగ్గాల. రబ్బరు బంతా, ఇనుప గుండా అన్నది ముందే తేల్చుకోమను. అది సరయినాక సగం నింపిన బుడ్డల మూట నిలబడి, తిరిగి, కింద కూర్చునేది గీసి పంపమను. మూటకు మొకం గీయకూడదు.